అన్నం ఎవరి బలం మీద ఉడికింది?

డొక్కా సీతమ్మ స్మారకోపన్యాస పాఠం



డొక్కా సీతమ్మ గారి పేరు మీద జరిగే సభలో మాట్లాడేవాళ్ళు సాధారణంగా ఆవిడ దానగుణం గురించి చెబుతారు. ఆ కథలు కోనసీమలో పుట్టిన ప్రతి బిడ్డా అమ్మమ్మ ఒళ్ళోనే వినేసింది. వాటిని మళ్ళీ వర్ణించి మీ చేత చప్పట్లు కొట్టించుకోవడానికి నేను రాలేదు. ఒక్క ప్రశ్న అడగడానికి వచ్చాను. వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ ఒక సంసార స్త్రీ దశాబ్దాల తరబడి అన్నం పెట్టింది. ఆ అన్నం ఎవరి బలం మీద ఉడికింది?

ఆవిడ రాణి కాదు. దివాణాలు లేవు, మాన్యాలు లేవు. లంక భూముల్ని నమ్ముకున్న ఒక రైతు బ్రాహ్మణ కుటుంబానికి కోడలు. సొంత బలం లెక్కవేస్తే ఒక వంటిల్లు, రెండు చేతులు, భర్త సాగు చేయించే నేల. ఆ బలానికి ఎన్నో రెట్లు మించిన పనిని ఆవిడ నెత్తికెత్తుకుంది, చివరిదాకా దించలేదు. "దేవుడే చూసుకుంటాడు" అన్న మాట మనం రోజుకు పదిసార్లు అంటాం. ఆ మాట మీద నిజంగా కాపురం చేసిన మనిషి ఎలా ఉంటుందో తెలియాలంటే సీతమ్మ గారి వంటింటి గుమ్మం దగ్గర నిలబడాలి. ఈ పూట మిమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళాలని నా కోరిక.

ఏరు దాటని బాటసారి

ముందు ఆ రోజుల కోనసీమను తలుచుకోండి. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో చీలిన వైనతేయ, దక్షిణాన సముద్రం. ఈ నేలను పోసింది గోదావరి; కోపం వస్తే తీసుకుపోయేదీ గోదావరే. ఏ ఊరికి పోవాలన్నా ఒక రేవు దాటాలి. రేవులో పడవ ఉంటే సరంగు ఉండడు, సరంగు ఉంటే గాలి ఉండదు, రెండూ ఉంటే ఏరు పోటు మీద ఉంటుంది. పొద్దు గూకితే అవతలి ఒడ్డు అందనట్టే. పూటకూళ్ళ ఇళ్ళు పట్నాల్లో ఉంటే ఉండొచ్చు గానీ లంకల్లో ఎక్కడివి? పిల్లల్ని వెంటేసుకుని నడిచి వచ్చిన మనిషి ఒడ్డున ఆకలితో కూలబడటం అప్పట్లో అలవాటైన దృశ్యం.

లంకల గన్నవరం సరిగ్గా అలాంటి చోట ఉంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయేది ఆ దగ్గరలోనే. రెండు పాయల మధ్య తిరిగే జనానికి అది తప్పనిసరి మజిలీ.

ఆ ఊరికి సీతమ్మ గారు కోడలిగా వచ్చింది. పుట్టింది 1841లో, మండపేటలో. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు. అడిగినవాళ్ళందరికీ అన్నం పెట్టేవాడు కాబట్టి ఊరు ఆయన్ని బువ్వన్న అని పిలుచుకుంది. తల్లి నరసమ్మ గారు సీతమ్మ గారి చిన్నతనంలోనే పోతే ఇంటి బాధ్యత ఆ పసిదాని మీద పడింది. గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు ఒకసారి ప్రయాణంలో మధ్యాహ్నం వేళ మండపేటలో ఆగి ఆ ఇంట్లో భోజనం చేశారు. వడ్డించిన పిల్ల అణకువ ఆయనకు నచ్చింది. పెళ్ళి జరిగింది. అతిథికి పెట్టిన అన్నమే ఆవిడ కాపురానికి దారి చూపింది.

అన్నం పెట్టడమంటే ఎంత పనో ఇవాళ మనం మరిచిపోయాం. మిల్లు బియ్యం లేవు. ధాన్యం దంచాలి, చెరగాలి, రాళ్ళు ఏరాలి. వర్షాకాలంలో కట్టెలు తడిసి పొగ చిమ్ముతాయి. ఏరు బురదగా పారే రోజుల్లో నీళ్ళు తేర్చాలి. విస్తళ్ళు కుట్టాలి. పప్పూ చింతపండూ ఉప్పూ వరద రాకముందే సమకూర్చుకోవాలి. అర్ధరాత్రి తలుపు తట్టినవాడికి "పొద్దున రా" అనకూడదంటే ఆ అర్ధరాత్రి పొయ్యి మళ్ళీ రాజేయాలి. సీతమ్మ గారు ఆ మాట అనలేదు. అందుకే ఆవిణ్ణి అపర అన్నపూర్ణ అన్నారు. వచ్చినవాడి కులం, ఊరు, హోదా ఏదైనా ఆకలి ఒకటే అని ఆవిడ నమ్మింది.

కాబట్టి మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. దేవుడి మీద భారం వేసిన ఈ మనిషి కంటే ఎక్కువ చాకిరీ చేసినవాళ్ళు ఆ సీమలో అరుదు. భారం వేశాక చేతులు ముడుచుకోవాలి గదా అని మనం అనుకుంటాం. ఆవిడ భారం వేసి చేతులు ఖాళీ చేసుకుంది, ఆ ఖాళీ చేతులతో గరిటె పట్టుకుంది.

గాదె నిండుకున్న రోజు

ఇంటి సంపద కరుగుతూ వచ్చింది. నేలలు తగ్గాయి. ఇంత ఖర్చు ఎలా సాగుతుందని భర్తకు దిగులు పట్టుకుంది. అందులో తప్పేమీ లేదు. ఇల్లు నడిపేవాడికి రేపటి చింత ఉండాలి. సీతమ్మ గారు మాత్రం పెట్టడం మానలేదు. ఆ కష్టకాలంలో ఒకరోజు పొలంలో తవ్వుతుంటే బంగారం నిండిన బిందె దొరికిందని, దాంతో అన్నదానం మళ్ళీ సాగిందని ఈ సీమంతా చెప్పుకుంటారు.

ఈ కథ చెప్పేటప్పుడు మన గొంతు బిందె దగ్గర పెద్దదవుతుంది. నా మనసు బిందె దొరకడానికి ముందురోజు దగ్గరే ఆగిపోతుంది. ఆ ముందురోజు ఆవిడకు బిందె సంగతి తెలియదు. గాదెలో గింజలు అడుగంటాయి. భర్త ముఖం వాడిపోయి ఉంది. వాకిట్లో ఎవరో ఆకలితో కూర్చున్నారు. ఆ రోజు ఆవిడ పొయ్యి వెలిగించింది. దైవం మీద ఆధారపడటం అంటే ఆ రోజు చేసిన పని. బంగారం దొరికాక దేవుణ్ణి నమ్మడం గొప్ప కాదు, అప్పుడు ఎవరైనా నమ్ముతారు. ఏమీ దొరకని రోజున, దొరుకుతుందన్న హామీ కూడా లేని రోజున, ఉన్న గుప్పెడు గింజల్నీ పొరుగువాడి విస్తట్లో వేయగలగడం నమ్మకం. ఆ బిందె దొరక్కపోయినా సీతమ్మ గారు ఆ ముందురోజు గెలిచేసింది.

మనలో చాలామందికి దేవుడితో ఉన్న సంబంధం బిందె సంబంధం. మొక్కుతాం, కావలసింది అడుగుతాం, దొరికితే ముడుపు చెల్లిస్తాం. అది భక్తి కాదనను. బెండమూర్లంకకు చెందిన కొపనాతి కృష్ణమ్మ గారు సముద్రంలో కనబడకుండా పోయిన తన ఓడల కోసం అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకున్నారని, ఓడలు తిరిగి వస్తే గుడి కట్టించారని చెబుతారు. సముద్రం మీద బతికే కుటుంబంలోని మనిషికి తన బలం ఎక్కడ ఆగిపోతుందో తెలుసు. ఆ ఎరుకలోంచే గుడి లేచింది. ఆ గుడి ముందు మనమంతా తల వంచుతాం. అయితే మొక్కు నమ్మకానికి మొదటి మెట్టు. రెండో మెట్టు మీద మనిషి తన ఓడల సంగతి మరిచిపోయి ఎదుటివాడి ఆకలి సంగతి చూస్తాడు.

ఆగిపోయిన అంతర్వేది ప్రయాణం

సీతమ్మ గారు ఆ రెండో మెట్టు ఎక్కిన కథ కూడా అంతర్వేదితోనే ముడిపడి ఉంది. వంటింట్లోంచి కదలడానికి తీరిక దొరకని మనిషి ఎట్టకేలకు నరసింహస్వామి దర్శనానికి బయలుదేరింది. దారిలో విశ్రాంతికి ఆగిన చోట పక్కనే కొందరు ప్రయాణికులు కనబడ్డారు. పెళ్ళివారు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకొంచెం ఓర్చుకుంటే గన్నవరం వస్తుంది, సీతమ్మ గారింట అన్నం దొరుకుతుంది అని పెద్దలు వాళ్ళను ఊరడిస్తున్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. అంతర్వేది ప్రయాణం అక్కడితో ఆగింది. వాళ్ళకంటే ముందు ఇంటికి చేరి వంట మొదలుపెట్టింది.

ఈ కథను మనం సాధారణంగా మానవసేవే మాధవసేవ అన్న మాటతో ముగించేస్తాం. ఇందులో ఇంకా లోతైన విషయం ఒకటుంది. దర్శనం వల్ల పుణ్యం వస్తుంది, ఆ పుణ్యం నన్ను కాపాడుతుంది అనుకునే మనిషి మధ్యదారిలో వెనక్కి తిరగలేడు. పుణ్యం కూడా అతని సొంత సంపాదనే. దాన్ని వదులుకుంటే నష్టపోతానని భయం. సీతమ్మ గారికి ఆ భయం లేదు. తాను చూసినా చూడకపోయినా ఆ స్వామి తనను చూస్తూనే ఉన్నాడన్న ధైర్యం ఆవిడది. ఆ ధైర్యం ఉంటేనే యాత్ర ఆపుకోవడం కుదురుతుంది. డబ్బు మీద మమకారం చాలామంది వదులుకుంటారు. తన పుణ్యం మీద, తన మంచితనం మీద మమకారం వదులుకోవడం మహాకష్టం. ఆవిడ అదీ వదిలేసింది.

1903లో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకు ఆవిడకు ఆహ్వానం వచ్చిందని, వెళ్ళలేదని, చివరికి అధికారులు బతిమాలితే ఫొటో తీయించుకోవడానికి ఒప్పుకుందని ఇక్కడి పెద్దలు చెబుతూ వచ్చారు. పెట్టిన అన్నం తనది కానప్పుడు దానికి వచ్చే పేరు మాత్రం తనదెలా అవుతుందని ఆవిడకు తోచి ఉండాలి. అహంకారం లేకపోవడం ఆవిడ విషయంలో సాధన చేసి తెచ్చుకున్న గుణంలా కనబడదు. లెక్క తనది కాదని తెలిసిన మనిషికి సహజంగా కలిగే తేలికదనం అది.

శరణాగతిలో చేతులకూ పని ఉంది

మన సంప్రదాయం ఈ విషయాన్ని చాలా నిశితంగా ఆలోచించింది. శ్రీవైష్ణవులు శరణాగతికి ఆరు అంగాలు చెప్పారు. భగవంతుడికి అనుకూలమైనదే చేస్తానన్న సంకల్పం. ప్రతికూలమైనదాన్ని విడిచిపెట్టడం. ఆయన రక్షిస్తాడన్న మహావిశ్వాసం. రక్షకుడిగా ఆయన్నే వరించడం. తనను తాను అప్పగించుకోవడం. తన చేతకానితనాన్ని ఎరగడం. ఈ వరుసను గమనించండి. విశ్వాసం మూడోది. దానికంటే ముందున్న రెండూ నడవడికి సంబంధించినవి. ఏం చేయాలి, ఏం మానాలి అన్న నిశ్చయంతో శరణాగతి మొదలవుతుంది. ఆ నిశ్చయం లేకుండా "అంతా నీదే భారం" అన్నవాడు మొదటి రెండు మెట్లూ ఎక్కకుండా మూడో మెట్టు మీద కూర్చోవాలని చూస్తున్నాడు.

వేదాంత దేశికుల వారిని అనుసరించినవాళ్ళకూ, పిళ్ళై లోకాచార్యుల మార్గంలో నడిచినవాళ్ళకూ ఈ విషయం మీదే పెద్ద చర్చ నడిచింది. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. జీవుడు ఏ పిల్లలాంటివాడు అన్నది ఆ చర్చ. పండితులు వందల ఏళ్ళుగా తేల్చని మాటను నేను తేల్చబోను. సీతమ్మ గారి జీవితం చూస్తే మాత్రం ఒకటి అనిపిస్తుంది. పనిచేసేటప్పుడు ఆవిడ కోతిపిల్ల పట్టు పట్టింది. ఫలితం దగ్గర పిల్లిపిల్లలా ఉండిపోయింది. రెండు మార్గాలూ ఒక మనిషిలో తగాదా లేకుండా కాపురం చేశాయి.

భాగవతంలో రెండు కథలు తెలుగువాళ్ళ రక్తంలో కలిసిపోయాయి, పోతన గారి పుణ్యమా అని. గజేంద్రుడు ఏళ్ళ తరబడి మొసలితో పెనుగులాడాడు. బలం ఉన్నంతసేపూ పోరాడాడు. పోరాడినందుకు భాగవతం అతన్ని తప్పు పట్టలేదు. బలం ఉడిగాక, తన మందలోని ఏ ఏనుగూ తనను గట్టెక్కించలేదని తెలిశాక, సర్వానికీ మూలమైనవాణ్ణి పిలిచాడు. ఆ పిలుపులో తన గొప్ప ఒక్కటీ చెప్పుకోలేదు. అందుకే అది చేరవలసిన చోటికి చేరింది.

రెండోది ప్రహ్లాదుడి కథ. అందులో సొంత బలాన్ని నమ్ముకున్నవాడు హిరణ్యకశిపుడు. అతను తెలివితక్కువవాడు కాడు. ప్రమాదాలన్నీ ముందే లెక్కవేశాడు. మనిషి వల్లా చావకూడదు, మృగం వల్లా చావకూడదు. పగలూ కాదు, రాత్రీ కాదు. లోపలా కాదు, బయటా కాదు. తన బలానికి ఎక్కడా సందు లేకుండా గోడ కట్టుకున్నాడు. ఆ గోడ లోపల అతనికి ఒక్క పూట నిద్ర పట్టినట్టు కథ చెప్పదు. తన కన్నబిడ్డనే శత్రువుగా చూడవలసి వచ్చింది. ఆ బిడ్డ దగ్గర ఏ బలమూ లేదు, ఏ భయమూ లేదు. మనకు అంతర్వేదిలో వెలిసిన దేవుడు ఆ బిడ్డ పక్షాన వచ్చిన దేవుడు. మాఘమాసంలో స్వామి కల్యాణానికి లక్షలాదిగా వెళ్ళే మనం ఏ పక్షాన నిలబడి దణ్ణం పెడుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

వశిష్ఠ అవతలి ఒడ్డు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. ఆ ఒడ్డున కూడా ఈ నమ్మకం మీదే బతికిన మనుషులున్నారు. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు భార్యలతో కలిసి ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి తెలుగుదేశానికి వచ్చారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చింది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. దంతవైద్యుడిగా బాగా సంపాదించే రోజుల్లో ఆ వృత్తి వదిలి ఉన్నదంతా పంచిపెట్టిన మనిషి ఆయన. వచ్చిన ఇద్దరి వెనకా జీతమిచ్చే సంఘం లేదు. ఈ నెల గడుస్తుందన్న పూచీ లేదు. భాష రాదు, వాతావరణం పడదు. గోదావరి డెల్టా మిషన్ వాళ్ళ నుంచి మొదలైంది. మత విషయంలో వాళ్ళతో ఏకీభవించేవాళ్ళూ ఏకీభవించనివాళ్ళూ ఈ సభలో ఉన్నారు. సముద్రం దాటి వచ్చిన ఆ నిశ్చింతను మాత్రం అందరం గౌరవించాలి.

గ్రోవ్స్ చెల్లెలు మేరీని పెళ్ళాడిన జార్జ్ ముల్లర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆయన 1830లో జీతం వదులుకున్నాడు. 1836లో, అంటే బౌడెన్, బీర్ మన తీరానికి వచ్చిన ఏడాదే, బ్రిస్టల్‌లో అనాథ పిల్లలకు ఆశ్రమం తెరిచాడు. ఏ మనిషినీ చేయి చాచి అడగలేదు, దేవుణ్ణే అడిగాడు. ఆయన జీవితకాలంలో పదివేల మందికి పైగా పిల్లలు అక్కడ పెరిగారు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం వేరే ఉంది. ఆయన పైసా పైసాకూ లెక్క రాశాడు, ఏటేటా నివేదిక అచ్చువేశాడు. దేవుడిచ్చిన సొమ్ము కాబట్టి లెక్క అక్కర్లేదనుకోలేదు. దేవుడిచ్చిన సొమ్ము కాబట్టే ఇంకా జాగ్రత్తగా లెక్క చెప్పాలనుకున్నాడు. మన ఊళ్ళలో గుడి కమిటీలు, చర్చి కమిటీలు, మసీదు కమిటీలు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఇదే.

ఇక ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ దొర. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలైంది, 1852లో పూర్తయింది. గాఢమైన దైవభక్తి గల మనిషి ఆయన. పని మంచి ఊపు మీద ఉన్న 1848లో ఆరోగ్యం దెబ్బతిని ఆయన దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆనకట్ట ఆగలేదు. కెప్టెన్ ఓర్ చేపట్టాడు, వేలాదిమంది కూలీలు రాళ్ళు మోశారు. 1850లో కాటన్ తిరిగి వచ్చాడు. తాను లేకపోతే నడవదనుకున్న పని తాను లేనప్పుడూ నడవడం గొప్ప ఇంజనీరుకు కూడా పాఠమే. ఆ నీటిని వైనతేయ దాటించి నగరం లంకకు చేర్చిన పాత గన్నవరం అక్విడక్టు నలభై తొమ్మిది ఖానాల కట్టడం. దాన్ని నిలబెట్టిన యువ ఇంజనీరు హేగ్ కూడా ప్రార్థన తెలిసిన మనిషే. తర్వాతి కాలంలో దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ పనికి నాంది పలికాడు. వీళ్ళెవరూ దేవుడి పేరు చెప్పి కొలతలు తప్పలేదు. పునాది లోతు కొలిచారు, వరద మట్టం కొలిచారు, సున్నం పాళ్ళు చూశారు. కొలవడం వాళ్ళ పని. నది దేవుడిదని వాళ్ళు ఎరుగుదురు.

ఒక బలమైన అభ్యంతరం

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది న్యాయమైనది, దాన్ని దాటవేయకూడదు. 1996 నవంబరు 6 రాత్రి ఈ తీరాన్ని తుపాను చీల్చింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. తాతల నాటి కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కుల వరద పోటెత్తింది. 2022 జూలైలో లంకలు మళ్ళీ మునిగాయి. కన్నకొడుకు సముద్రంలో పోయిన తల్లి దగ్గరికి వెళ్ళి దేవుణ్ణి నమ్ముకో అంటే ఆవిడ ఏమనాలి? నమ్ముకునే గదా పంపాను అంటుంది.

ఆ తల్లికి చెప్పడానికి నా దగ్గర సిద్ధాంతం లేదు. ఆవిడ పక్కన కూర్చోవాలి. ఆవిడ పొయ్యి వెలగని రోజున మన ఇంటి నుంచి అన్నం వెళ్ళాలి. అయితే మిగతా అందరికీ చెప్పవలసింది ఉంది. తుపాను దైవాధీనం కావచ్చు. హెచ్చరిక అందకపోవడం దైవాధీనం కాదు. ఏటిగట్టు బలహీనపడితే పట్టించుకోకపోవడం దైవాధీనం కాదు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునగడం దైవాధీనం కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశం ముందు నిలబడ్డారు. పండిస్తే నష్టం వచ్చే పరిస్థితిలో వాళ్ళను దేవుడి మీద భారం వేసి ఊరుకోమని ఎవరైనా చెబితే అది భక్తి పేరుతో చేసిన అన్యాయమే.

ఇతరుల కష్టానికి ఓర్పు బోధించడానికి దేవుడి పేరు వాడుకోకూడదు. నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. దైవం మీద ఆధారపడమన్న మాట మనిషి తనకు తాను చెప్పుకోవలసినది. పొరుగువాడికి మాత్రం అన్నం, న్యాయం, ఆసరా ఇవ్వాలి. సీతమ్మ గారు ఆకలిగొన్న బాటసారికి ఎన్నడూ వేదాంతం చెప్పలేదు. వేదాంతం తన కోసం ఉంచుకుంది, విస్తరి వాడి ముందు వేసింది.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకెలు చూసి పశువుల్ని గట్టు మీదికి తోలడం, ముసలివాళ్ళను పడవ ఎక్కించడం విశ్వాసం లేకపోవడం కాదు. దేవుడిచ్చిన తెలివిని వాడటం ఆయనకు అనుకూలంగా నడవడమే, అంటే శరణాగతిలో మొదటి అంగమే. అన్నీ చేశాక కూడా ఏరు మన చేతిలో లేదని ఒప్పుకోవడం చివరి అంగం. ఆ రెండూ ఉంటేనే మనిషి నిలబడతాడు. మొదటిది వదిలేస్తే సోమరి అవుతాడు, రెండోది వదిలేస్తే పిచ్చివాడవుతాడు.

ఈ తరానికి ఎందుకు

ఇవాళ మన పిల్లలకు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక మాట వినబడుతోంది: అంతా నీ చేతుల్లోనే ఉంది. ర్యాంకు నీ చేతుల్లో ఉంది, ఉద్యోగం నీ చేతుల్లో ఉంది, వీసా నీ చేతుల్లో ఉంది. వినడానికి ధైర్యం చెప్పినట్టే ఉంటుంది. రాకపోయినప్పుడు దాని అసలు రూపం బయటపడుతుంది. అంతా నీ చేతుల్లోనే ఉంటే ఓటమి కూడా పూర్తిగా నీదే. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి భుజాల మీద బ్రహ్మాండమంతా మోపి మోయలేకపోయావేం అని అడుగుతున్నాం. కష్టపడు, ఫలితం ఒక్క నీ చేతిలోనే లేదు, ఏది వచ్చినా నువ్వు మాకు కావాలి, దేవుడికీ కావాలి అని ఇంట్లో ఒక్కరైనా చెప్పాలి. ఈ మాట బలహీనతను నేర్పదు. రేపు మళ్ళీ పుస్తకం తెరిచే శక్తిని ఇస్తుంది.

గల్ఫ్‌లో పరాయి ఇళ్ళల్లో పనిచేసి ఇక్కడ ఇళ్ళు నిలబెట్టిన మన కోనసీమ ఆడపడుచుల్ని తలుచుకోండి. బిడ్డను అమ్మ దగ్గర వదిలి విమానం ఎక్కిన ఆ తల్లికి ఏ బలం ఉంది? ప్రతి రాత్రీ బిడ్డను దేవుడికి అప్పగించి నిద్రపోతుంది, పొద్దున లేచి పనిలోకి పోతుంది. పుస్తకాలు చదవకపోయినా శరణాగతి అంటే ఏమిటో ఆవిడకు తెలుసు. వేదికల మీద మనం వెతికే విశ్వాసం ఆ కష్టంలో ఉంది.

సంపాదించినవాళ్ళ సంగతి వేరు. కొబ్బరి తోట, రొయ్యల చెరువు, అమెరికాలో కొడుకు ఉన్నాక మన బలం మన కళ్ళకు పెద్దగా కనబడుతుంది. అప్పుడు చేయి మూసుకుంటుంది. నా అనుభవంలో మనిషి పిసినారి అయ్యేది లేమి వల్ల తక్కువ, భయం వల్ల ఎక్కువ. నన్ను కాపాడేది నేను కూడబెట్టినదే అనుకున్న క్షణం ఆ కూడబెట్టినదాన్ని ఎంత పెంచినా చాలదు. కాపాడేవాడు వేరే ఉన్నాడని నమ్మినవాడి చేయి తెరుచుకుంటుంది. కాబట్టి నమ్మకాన్ని కొలవాలంటే బొట్టుతోనూ బైబిలుతోనూ టోపీతోనూ పని లేదు. చేయి ఎంత తెరిచి ఉందో చూస్తే చాలు.

సీతమ్మ గారు 1909లో వెళ్ళిపోయింది. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. సంతోషం. పిల్లల కంచంలో ఆవిడ పేరు ఉండటం కంటే తగిన స్మారకం ఉండదు. ఆ పేరుకు తగ్గట్టు ఆ అన్నం వేడిగా, శుభ్రంగా, కడుపునిండా ఉందో లేదో చూడటం ఊళ్ళో ఉన్న మన బాధ్యత. వారానికి ఒకసారి ఏదో ఒక బడికి వెళ్ళి పిల్లలతో పాటు కూర్చుని తిని రండి. లోటుంటే అడగండి. వండే తల్లుల కష్టసుఖాలు కనుక్కోండి.

మొదట్లో అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదీ. ఆ అన్నం దేవుడి బలం మీద ఉడికింది, సీతమ్మ గారి చేతుల మీదుగా ఉడికింది. తనది కాని బలం తన చేతుల్లోంచి ప్రవహించడానికి ఆవిడ దారి ఇచ్చింది. అలాంటి దారి ఇవ్వడానికి గొప్ప చదువు అక్కర్లేదు, గొప్ప ఆస్తి అక్కర్లేదు. నా ఒక్కడి వల్ల ఏమవుతుంది అని మనం ఆపేసిన పని ప్రతి ఒక్కరికీ ఒకటి ఉంటుంది. ఒక మంచం పట్టిన పొరుగువాడు, చదువు ఆగిన ఒక పిల్ల, మాటలు ఆగిపోయిన ఒక తోబుట్టువు. మన బలం చాలదని తెలిసినందువల్లే ఆపేశాం. చాలదన్నది నిజమే. అయినా మొదలుపెట్టండి. చాలినంత ఇచ్చే బాధ్యత మనది కాదు, ఉన్నంత ఇచ్చే బాధ్యత మనది. మిగిలినది ఆయన చూసుకుంటాడని నమ్మి ఈ వారంలోనే ఆ గుమ్మం ఎక్కండి.